పదుగురు దిద్దే పుట

కావ్యానికి కవి ఒక్కరు చాలు. నవలకు రచయిత ఒక్కరు చాలు. విజ్ఞాన సర్వస్వానికి మాత్రం ఒక్క మనిషి ఎన్నడూ చాలడు. భూగోళం, వైద్యం, వ్యాకరణం, సంగీతం, సేద్యం, చలనచిత్రం మొదలైన విషయాలన్నింటినీ సాధికారంగా ఎరిగినవారు లోకంలో ఎవరూ ఉండరు. కాబట్టి అటువంటి గ్రంథం పలువురి చేతుల మీదుగానే రూపొందవలసి ఉన్నది. ఆ పలువురిని ఎంచేది ఎవరు, వారు పొరబడినప్పుడు దిద్దేది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు తెలుగువారికి నూరేళ్ల కిందట ఒక సమాధానం దొరికింది. ఇరవైయేళ్ల కిందట దానికి పూర్తిగా భిన్నమైన మరొక సమాధానం దొరికింది.

ఎన్టీఆర్ జిల్లాలో తిరువూరు ప్రాంతాన, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా గంపలగూడెం ఉన్నది. అక్కడి నుండి పడమటి దిక్కుగా ప్రయాణిస్తే, అదే జిల్లాలో, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు వస్తుంది. తిరుపతమ్మ తిరునాళ్లకు పేరొందిన ఆ గ్రామంలోనే 1877లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు జన్మించారు. మునగాల సంస్థానంలో దివానుగా పనిచేస్తూనే, 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనకు ఆయన కారకులయ్యారు. పిమ్మట ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ నిర్మాణానికి పూనుకొన్నారు. పండితులను కూడగట్టి వ్యాసాలు రాయించారు. చాలా వ్యాసాలు స్వయంగా రాశారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. అయినప్పటికీ అవి 'అ'కారంతో మొదలయ్యే విషయాల వద్దనే నిలిచిపోయాయి. 1923లో, నలభై ఆరేళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని మళ్లీ చేపట్టి కొంత సాగించారు గాని అది కూడా అసంపూర్ణంగానే మిగిలింది. వారి శ్రద్ధలో లోపం లేదు, పాండిత్యంలోనూ లోపం లేదు. అంతటి బరువు కొద్దిమంది భుజాల మీద నిలవదు.

నిపుణులతోనే సర్వస్వాన్ని నిర్మించాలన్న ప్రయత్నం అంతర్జాలంలోనూ ఒకసారి జరిగింది. 2000లో అమెరికాలో మొదలైన నుపీడియాలో నిపుణులే వ్యాసాలు రాయాలి. ఏడు దశలలో వాటిని పరిశీలించాలి. మొదటి సంవత్సరంలో రెండు డజన్ల వ్యాసాలైనా పూర్తి కాలేదు. దానికి తోడుగా ఉంటుందని 2001 జనవరి 15న జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ ప్రారంభించిన వికీపీడియాలో ఈ పద్ధతి తలకిందులైంది. ఎవరైనా రాయవచ్చు, రాసినదానిని ఎవరైనా దిద్దవచ్చు. 'వికీ' అన్నది హవాయి దీవుల భాషలో 'త్వరగా' అనే అర్థమిచ్చే మాట. తోడుగా వచ్చినదే అసలుదానిని మింగివేసింది. 2003లో నుపీడియా మూతపడింది. అదే సంవత్సరం డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. ఆనాటికి కంప్యూటరు తెరపై తెలుగు అక్షరం సరిగా కనిపించడమే గగనం. ఆయన రూపొందించిన 'పద్మ', 2006లో వచ్చిన 'లేఖిని' వంటి ఉపకరణాల వల్ల తెలుగులో రాయదలచినవారికి దారి ఏర్పడింది. నేడు అందులోని వ్యాసాల సంఖ్య లక్ష దాటింది. 2014 ఫిబ్రవరిలో విజయవాడలో దశాబ్ది ఉత్సవాలు జరిగినప్పుడు, విశేషంగా కృషి చేసినవారికి ఇచ్చిన పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావు పేరే పెట్టారు. ఆ ఎంపిక ఉచితమైనదే. అయితే అందులో ఒక వింత కూడా ఉన్నది. ఏరి కోరి పండితుల చేత రాయించిన మహనీయుని పేరు, ఎవరూ ఏరని సామాన్యుల రాతకు గౌరవచిహ్నమైంది.

ఎవరూ ఏరనివారు రాసిన రాతను నమ్మవచ్చునా? ఈ సందేహం తీరాలంటే పెద్ద విషయాల జోలికి పోనవసరం లేదు. ఒక చిన్న యానిమేషన్ చిత్రం చాలు.

2006 సంవత్సరానికి చెందిన 'కిట్టు' తెలుగు యానిమేషన్ చిత్రం. దర్శకుడు బి. సత్య, నిర్మాత కె. భార్గవ. జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ యానిమేషన్ చిత్రానికి ప్రత్యేకంగా బహుమతి ఇవ్వడం 54వ పురస్కారాలతో మొదలైంది. ఆ విభాగంలో మొట్టమొదటి బహుమతి అందుకొన్న చిత్రం 'కిట్టు'. దేశంలోని భాషలన్నింటిలో ఆ గౌరవం ముందుగా తెలుగుకు దక్కింది. అయినా ఈ సంగతి ఎరిగిన తెలుగు విద్యార్థులు చాలా అరుదు. 2008లో టెలివిజన్‌లో మొదలైన 'ఛోటా భీమ్' పేరు చెబితే పల్లెల్లోని పసిపిల్లలు సైతం గుర్తుపడతారు. ఆ భీముడు కూడా హైదరాబాదు కళాకారుల చేతిలో పుట్టినవాడేనన్నది వేరే మాట.

గంపలగూడెంలో చదువుకొనే ఒక విద్యార్థిని 'కిట్టు' గురించి తెలుగులో వ్యాసం రాయ సంకల్పించిందని అనుకోవచ్చు. తొలి వాక్యంగా ఆమె 'కిట్టు తెలుగువారు గర్వించదగిన అద్భుతమైన తొలి యానిమేషన్ చిత్రం' అని రాస్తుంది. ఈ ఒక్క వాక్యంలో ఎన్ని చిక్కులున్నాయో ఆమెకు అప్పటికి తెలియదు. మరునాటికి ఎవరో, బహుశః హైదరాబాదులోనో, అమెరికాలోని డాలస్‌లోనో ఉన్న మరొక తెలుగువారు, 'గర్వించదగిన', 'అద్భుతమైన' అన్న మాటలను తొలగిస్తారు. ఆమె నొచ్చుకొంటుంది. అయితే తొలగించినవారికి చిత్రం మీద అయిష్టం ఉండనక్కరలేదు. వికీపీడియాలో తటస్థ దృక్కోణం అనే నియమం ఉన్నది. దాని ప్రకారం వ్యాసం చిత్రాన్ని పొగడరాదు, తెగడరాదు. 'అద్భుతం' అన్నది అభిప్రాయం. 'జాతీయ పురస్కారాలలో ఈ విభాగపు మొదటి బహుమతి పొందింది' అన్నది విషయం. రెండవ వాక్యం చదివినవారు ఆ అద్భుతాన్ని తమంతట తామే గ్రహిస్తారు. విశేషణం చేయలేని పనిని విషయం చేస్తుందని ఆమె ఒక తరగతి గదిలో పదిసార్లు విని ఉండవచ్చు. తన వాక్యం మీదనే ఆ పాఠం జరిగినప్పుడు అది మనస్సుకు ఎక్కుతుంది.

ఇక 'తొలి' అన్న మాట. చలనచిత్రాల వ్యాసాలలో ఇంతటి కలహకారణమైన పదం మరొకటి లేదు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 2003లోనే 'సన్ ఆఫ్ అల్లాదీన్' అనే యానిమేషన్ చిత్రం వచ్చింది. 'పుష్పక విమానం', 'ఆదిత్య 369' వంటి చిత్రాలతో తెలుగువారికి చిరపరిచితులైన దర్శకుడు తీశారు కాబట్టి అదే తొలి తెలుగు యానిమేషన్ చిత్రమని ఒకరు వాదించవచ్చు. దర్శకుడు తెలుగువాడైనంత మాత్రాన చిత్రం తెలుగుదవుతుందా అని మరొకరు అడగవచ్చు. త్రిపరిమాణ చిత్రం వేరు, చేతి గీతలతో సాగే ద్విపరిమాణ చిత్రం వేరని మూడవవారు గుర్తుచేయవచ్చు. ఈ ముగ్గురిలో ఎవరూ అసత్యం చెప్పడం లేదు. 'తొలి' అన్న మాట ముందు ఏ విశేషణం ఉండాలన్నదే తగవు. ఇంట్లో ఒంటరిగా రాసుకొనేవారికి ఈ ప్రశ్న తట్టదు. పదుగురు చూసే పుటలో రాసినప్పుడే తడుతుంది. పలువురు కలిసి రాయడంలోని అసలు లాభం ఇక్కడ ఉన్నది. చేతులు పెరిగినందువల్ల రాత త్వరగా సాగుతుందనడం పైపై మాట. చేతులు పెరిగినకొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి. ఒక్కొక్క మాట తన చోటు తాను సంపాదించుకోవలసి వస్తుంది.

సంవత్సరం విషయంలోనూ ఇటువంటి మెలికే ఉన్నది. చిత్రం 2006 నాటిది. 54వ పురస్కారాలు ఆ సంవత్సరపు చిత్రాలకే సంబంధించినవి. కాని వాటిని ప్రకటించి, ప్రదానం చేసినది 2008లో. నాటి వార్తాపత్రికను చూసినవారు 2008 అని రాస్తారు. పురస్కారాల జాబితాను చూసినవారు 2006 అని రాస్తారు. ఒకరి రాతను మరొకరు చెరిపివేస్తూ పోతే వారం రోజులైనా పుట నిలకడకు రాదు. పేరు వల్ల కలిగే గందరగోళం దీనికి అదనం. 2017లో 'కిట్టు ఉన్నాడు జాగ్రత్త' అనే మరొక చిత్రం వచ్చింది. దానికి యానిమేషన్‌తో సంబంధం లేదు. 'కిట్టు' అని వెతికినవారు ఒకదాని కోసం వచ్చి మరొకదానిలో పడకుండా ఒక చిన్న సూచిక అవసరమవుతుంది. దీనిని తెలుగు వికీపీడియాలో 'అయోమయ నివృత్తి' అంటారు.

అక్కడ వాడుకలో ఉన్న మాటలు నిజంగా ముచ్చటైనవి. ఇంకా పెరగవలసిన చిన్న వ్యాసం 'మొలక'. కొత్తవారు చేయి తిప్పుకొనే చోటు 'ప్రయోగశాల'. అందరూ కూడి మంచిచెడ్డలు మాట్లాడుకొనే చోటు 'రచ్చబండ'. చేసిన ప్రతి మార్పూ ఒక 'దిద్దుబాటు'. 1910లో గురజాడ అప్పారావు తన కథకు పెట్టిన పేరు కూడా ఇదే. ఆ కథలో భార్య భర్తను దిద్దిన తీరులో చతురత ఉన్నదే గాని కసి లేదు. అంతర్జాలంలో దిద్దేవారందరికీ ఆ నేర్పు ఉన్నదని చెప్పలేము. కొత్తగా వచ్చిన విద్యార్థిని వాక్యాన్ని కారణం చెప్పకుండా తొలగించడం నియమాల దృష్టిలో తప్పు కాకపోవచ్చు గాని మర్యాద దృష్టిలో తప్పే. ఆమె మళ్లీ ఆ వైపు చూడకపోతే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు. ఆంగ్ల వికీపీడియాకు వేలాదిమంది ఉన్నారు కాబట్టి ఒకరు పోతే మరొకరు వస్తారు. తెలుగులో నిత్యం రాసేవారు ఆ లెక్కలో చాలా కొద్దిమంది. ఇక్కడ ఒక్క మాట కరుకుగా పలికితే ఒక చేయి శాశ్వతంగా తగ్గిపోవచ్చు. తొలగించే ముందు చర్చాపుటలో రెండు వాక్యాలు రాయడం ఆ కొద్దిమందికి పెద్ద శ్రమ కాదు.

కొన్ని పుటల సంగతి దీనికి విరుద్ధం. 2025 జూలై 25న విడుదలైన 'మహావతార్ నరసింహ' యానిమేషన్ చిత్రాన్ని తెలుగుతో సహా పలు భాషలలో జనం విరగబడి చూశారు. భారతీయ యానిమేషన్ చిత్రాలలో దానికి వచ్చినంత వసూళ్లు అంతకుముందు ఏ చిత్రానికీ రాలేదు. ఇటువంటి చిత్రపు పుటకు చేతుల కొరత ఉండదు; నిగ్రహపు కొరత ఉంటుంది. వసూళ్ల అంకెలు పూటపూటకు మారుతుంటాయి. ఒక పత్రిక ఒక అంకె ఇస్తే మరొక పత్రిక మరొకటి ఇస్తుంది. అభిమాని పెద్ద అంకెను ఎంచుకొంటాడు, గిట్టనివాడు చిన్న అంకెను ఎంచుకొంటాడు. అంకెను ఒకటిగా చెప్పలేనప్పుడు, ఇంత నుండి ఇంత వరకు అని రెండు హద్దులనూ ఆధారాలతో చూపడమే నిజాయితీ. 'పదిమందీ అన్నదే నిజం' అనే ధోరణి లోకంలో ఉన్నది. విజ్ఞాన సర్వస్వంలో ఆ ధోరణి చెల్లదు. పదిమంది ఒక వైపు, ఆధారం చేతబట్టుకొన్న ఒక్కరు మరొక వైపు ఉంటే, పుట ఆ ఒక్కరి వైపే మొగ్గాలి.

ఈ నియమం తెలుగుకు కఠినంగానే తోస్తుంది. గంపలగూడెం పుటనే చూడవచ్చు. కట్టలేరు ఎక్కడ పారుతుందో, నెమలి గ్రామంలోని వేణుగోపాలస్వామి ఉత్సవాలు ఎలా జరుగుతాయో ఆ మండలంలోని ప్రతివారికీ తెలుసు. తెలిసినదే అయినా, అచ్చులో ఆధారం లేనిదే పుటలో దానికి చోటు దొరకడం కష్టం. 2022 ఏప్రిల్ 4న గంపలగూడెం కృష్ణా జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చినప్పుడు మాత్రం ఏ చిక్కూ లేదు. ప్రభుత్వ ప్రకటనే ఆధారం. కాగితపు సర్వస్వమైతే మరొక ముద్రణ దాకా పాత జిల్లా పేరునే మోయవలసి వచ్చేది. ఇక్కడ దిద్దడానికి ఒక నిమిషం చాలు. కాని అమ్మమ్మ నోట విన్న ఊరి చరిత్రకు ప్రకటన ఏది? 'కిట్టు'కు బొమ్మలు గీసిన ఒక కళాకారుడు స్వయంగా వచ్చి, ఫలానా దృశ్యం తన చేతి పని అని చెప్పినా, ఆ మాటను ఎలా నిర్ధారించడం?

మౌఖిక జ్ఞానాన్ని కూడా ఆధారంగా స్వీకరించవచ్చునేమో చూద్దామని 2011లో అచల్ ప్రభల మరికొందరితో కలిసి ఒక ప్రయోగం చేశారు. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషలలో పెద్దల మాటలను ధ్వనిముద్రణ చేసి, వాటిని వ్యాసాలకు ఆధారాలుగా చూపారు. అచ్చు తక్కువగా ఉన్న జాతుల జ్ఞానం అచ్చు లేనందువల్లనే లోకానికి కనబడకుండా పోతున్నదన్న వారి బాధ న్యాయమైనది. అయితే నియమాన్ని సడలించడమే దానికి విరుగుడు అనుకోరాదు. నియమం సడలితే అమ్మమ్మ మాటతో పాటు అసత్యం కూడా అదే ద్వారం గుండా లోపలికి వస్తుంది. అంతకంటె మంచి ఉపాయం ఆధారాన్ని సృష్టించడం. ఆ విద్యార్థిని కళాకారుని కలిసి, మాట్లాడి, ఆ సంభాషణను ఒక పత్రికకు పంపవచ్చు. సంపాదకుడు చూసి అచ్చువేసిన పిమ్మట దానిని ఎవరైనా నిస్సంకోచంగా ఉదహరించవచ్చు. ఇది చుట్టుదారే. తెలుగులో చలనచిత్రాల గురించి అచ్చయినది తక్కువేమీ కాదు గాని, అందులో అత్యధిక భాగం తారల చుట్టూనే తిరుగుతుంది. తెర వెనుక బొమ్మ గీసినవాని గురించి అచ్చయినది వేళ్ల మీద లెక్కించవచ్చు. ఆ కొరతను పుటలోని నియమం పుట్టించలేదు; ఉన్న కొరతను బయటపెట్టింది.

వికీపీడియాను నమ్మరాదని కొందరు ఉపాధ్యాయులు గట్టిగా చెబుతారు. వారి మాటను తోసిపుచ్చడం తగదు. దుశ్చర్యలు అక్కడ నిత్యం జరుగుతాయి. ఆకతాయి ఒకడు దర్శకుని పేరు చెరిపి తన పేరు రాసుకోవచ్చు. తెలుగు పుటలకు కాపలా తక్కువ కాబట్టి అది రోజుల తరబడి అలాగే ఉండిపోవచ్చు కూడా. అయితే కాగితం మీద అచ్చయినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. 2005 డిసెంబరులో 'నేచర్' పత్రిక ఆంగ్ల వికీపీడియా నుండి, బ్రిటానికా నుండి శాస్త్ర విషయాల మీద 42 వ్యాసాల జతలను ఎంచి నిపుణుల చేత పరీక్షింపజేసింది. ఒక్కొక్క వ్యాసంలో సగటున వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు తప్పులు కనిపించాయి. బ్రిటానికావారు ఆ పరీక్షను అంగీకరించలేదు. ఎవరి వాదం ఎలా ఉన్నా, అచ్చు గ్రంథంలోనూ తప్పులున్నాయన్న సంగతి మాత్రం తేలింది. భేదం దిద్దే అవకాశంలో ఉన్నది. పైగా వికీపీడియాలో ప్రతి పుటకూ ఒక 'చరిత్ర' ఉంటుంది. ఏ తేదీన, ఏ వాడుకరి, ఏ మాటను మార్చినదీ అందులో నమోదై ఉంటుంది. విద్యార్థులు వ్యాసాన్ని ఎత్తి రాసుకొని ప్రాజెక్టు పూర్తయిందనుకొంటారు గాని, ఆ చరిత్రను తెరచి చూసేవారు అరుదు. ఏ వాక్యం మీద ఎంత తగవు జరిగిందో చూసినవారికి ఆ వాక్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో తెలుస్తుంది. ఉపాధ్యాయులు నిషేధించవలసినది ఎత్తి రాయడాన్ని. వికీపీడియా చదవడాన్ని కాదు.

తెలుగు పుటకు దుశ్చర్యను మించిన ప్రమాదం మరొకటి ఉన్నది. ఆంగ్ల వ్యాసాన్ని యంత్రానికి ఇచ్చి, అది ఇచ్చిన తెలుగును ఉన్నదున్నట్లు తెచ్చి పెట్టడం. 2009 నుండి 2011 వరకు గూగుల్ సంస్థ తన అనువాద ఉపకరణం సాయంతో తెలుగు, తమిళం వంటి భాషలలో వ్యాసాలు రాయించింది. వ్యాసాలు పొడవుగా వచ్చాయి. చాలావాటిలో వాక్యం మాత్రం తెలుగు నడక నడవలేదు. వాటిని సంస్కరించే బరువు అప్పటికే రాస్తున్న కొద్దిమంది మీద పడింది. యంత్రాలు ఇప్పుడు ఎంతో మెరుగుపడ్డాయి, నిజమే. అందువల్ల చిక్కు మరింత సూక్ష్మమైంది. వాక్యం నున్నగా ఉంటుంది కాబట్టి అందులోని తప్పు కంటికి ఆనదు. 'తొలి' అన్న మాట మీద యంత్రం తగవు పడదు. సందేహం లేకుండా ఏదో ఒకటి రాసివేస్తుంది. అంతేకాదు, అంతర్జాలంలో తెలుగు రాత తక్కువ కాబట్టి, ఆ యంత్రాలు తెలుగు నేర్చుకొనేది కూడా ఇటువంటి పుటల నుండే. పుటలో దొర్లిన తప్పు యంత్రంలోకి పోయి, అక్కడి నుండి వేయి నోళ్లతో తిరిగి వస్తుంది. ఆధారంతో రాసిన ఆరు వాక్యాల మొలక, యంత్రం అల్లిన అరవై వాక్యాల వ్యాసం కంటె మేలైనదనడానికి కారణం ఇదే.

యానిమేషన్ చిత్రం కూడా స్వభావరీత్యా పదుగురి పనే. తెరపై సెకనుకు 24 చట్రాలు కదులుతాయి. ఒకటిన్నర గంట చిత్రానికి అవి 1,29,600 అవుతాయి. ఒకే బొమ్మను రెండేసి చట్రాలకు వాడుకొన్నా అరవై వేలకు పైగా బొమ్మలు కావాలి. కీలకమైన భంగిమలను ఒకరు గీస్తే, వాటి నడుమ కదలికలను మరికొందరు పూరిస్తారు. వెనుక కనిపించే చెట్టును ఇంకొకరు గీస్తారు, రంగులు వేసేవారు వేరొకరు. చేయి మారినప్పుడు పాత్ర ముఖం మారకూడదు. అందుకోసం పాత్రను ముందు నుండి, పక్క నుండి, వెనుక నుండి చూపే నమూనా పత్రం ఒకటి అందరి ముందూ ఉంటుంది. ఎవరి శైలి వారు చూపుదామనుకొంటే చిత్రం చెడుతుంది. పుటలో ఆధారం చేసే పనిని స్టూడియోలో ఆ నమూనా పత్రం చేస్తుంది. అయితే స్టూడియోలో జీతం ఉన్నది, యజమాని ఉన్నాడు, గడువు ఉన్నది. పుటలో ఈ మూడూ లేవు. అయినా పని జరుగుతున్నది. అది వింతే గాని, ఆ వింత ఎల్లకాలం తనంతట తానే సాగుతుందని భరోసా ఏమీ లేదు.

ఆ విద్యార్థిని వ్యాసం అప్పటికి ఆరు వాక్యాలైందని అనుకోవచ్చు. దర్శకుడు, నిర్మాత, సంవత్సరం, పురస్కారం, వాటి ఆధారాలు. మిగిలిన పని చాలా ఉన్నది. 2006, 2008 నాటి తెలుగు దినపత్రికలలో ఈ చిత్రం గురించి ఏమి రాశారో చూడాలి. పాత పత్రికల కట్టలు గ్రంథాలయాలలో ఎక్కువ కాలం నిలవవు. చోటు చాలనప్పుడు ముందుగా తూకానికి పోయేవి అవే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద వేలాది పాత తెలుగు పుస్తకాలు అంతర్జాలంలోకి చేరాయి గాని, ఇరవైయేళ్ల నాటి దినపత్రికకు ఆ భాగ్యం అన్నిచోట్లా కలగలేదు. పాతది అపురూపమనిపిస్తుంది, నిన్నటిది చెత్త అనిపిస్తుంది. చలనచిత్రానికి ఆధారం దొరికేది నిన్నటి కాగితంలోనే. ఇక బొమ్మలు గీసినవారి పేర్ల సంగతి. పాత్రధారులు, సాంకేతిక నిపుణుల పేర్ల విషయంలో చిత్రాన్నే ఆధారంగా చూపవచ్చునన్న వెసులుబాటు వికీపీడియాలో ఉన్నది. సాధారణంగా ఆ పేర్లు చిత్రం చివర చిన్న అక్షరాలతో, ప్రేక్షకులు లేచి నడిచిపోతున్న వేళ, తెరపై పరుగెడతాయి. చిత్రపు ప్రతి దొరికినవారు ఆ పరుగును ఆపి, ఒక్కొక్క పేరునూ చదివి, తెలుగులో సరైన వర్ణక్రమంతో పుటలోకి ఎక్కించడానికి ఒక సాయంకాలం పడుతుంది. తప్పు చదివిన పేరును దిద్దడానికి, ఆ పేరు గలవారే ఏదో ఒక రోజు రావచ్చు.